ఐదువందల పద్దెనిమిది దగ్గర

ఆయన కళ్ళద్దాలను కొళాయి కింద పట్టి, వేళ్ళ కొసలు మాత్రమే తగిలేలా సబ్బునీళ్ళతో రుద్దుతోంది ఆమె. ముందు కుడి అద్దం, తర్వాత ఎడమది, చివరికి ముక్కు మీద ఆనే రెండు చిన్న బొడిపెలు. నీళ్ళు విదిలించి, ల్యాబులో పక్కన పడేస్తే ఏరి తెచ్చుకున్న నూగు రాలని గుడ్డముక్కతో తడి అద్ది, కిటికీ వెలుతురుకి ఎత్తి చూసింది. ఎడమ అద్దం మూల ఒక వేలిముద్ర మిగిలింది, తనదే. నోటితో ఆవిరి ఊది మళ్ళీ తుడిచింది. పదిహేనేళ్ళుగా ఆమె రోజు ఇలాగే మొదలవుతోంది.

అంతసేపూ ఆయన వంటగది గుమ్మంలో పీట మీద కూర్చుని ఉంటాడు. అద్దాలు లేకపోతే చేతి దూరం దాటిందంతా ఆయనకి అలికేసినట్టే. చెప్పడానికి కష్టమైన మాటలన్నీ ఆయన ఆ రెండు నిమిషాల్లోనే చెబుతాడు. ఎదుటి మొహం కనబడకపోతే మాట తేలిగ్గా వస్తుందేమో. పెళ్ళి చేసుకుందామా అని అడిగిన రోజు కూడా అద్దాలు ఆయన చేతిలో ఉన్నాయి, కళ్ళకి లేవు.

“కొత్త మిషను ఎలా ఉంది?” అన్నాడు.

“బాగానే ఉందండీ.”

“మోనోక్రొమేటర్ పెట్టారా?”

“దాంతోనే వచ్చింది. వెండిరేకు పెట్టి చూశాం. పీక్ వెడల్పు అర ఎలక్ట్రాన్ వోల్టు కూడా లేదు.”

“అబ్బో!” అన్నాడాయన. ఆ మాటలో వెటకారం లేదు. పక్కింటి పెళ్ళిసందడిని గోడ ఇవతల నుంచి వింటున్నవాడి గొంతులా ఉంది.

చొక్కా జేబులోంచి మాత్రలడబ్బా అంత ప్లాస్టిక్ డబ్బా తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. అందులో ఏముందో మూత తియ్యకుండానే ఆమెకి తెలుసు. గోరంత సిలికాన్ ముక్క, దాని మీద వెనేడియం పొర, ఆ పొర మీద నీలంగా మెరిసే ఆక్సైడు పూత. పదిహేడేళ్ళ కిందట ఆయన తన చేతులతో చేసుకున్నది. బీరువాలో ఉన్నిబట్టల అడుగున ఉండేది. ఆమె దుమ్ము దులిపినప్పుడల్లా డబ్బాని ఎత్తి, మళ్ళీ అక్కడే పెట్టేది. దాని గురించి ఇద్దరూ ఎన్నడూ మాట్లాడుకోలేదు.

“దీన్ని ఒక్కసారి పెట్టి చూస్తావా? మిషను ఖాళీగా ఉంటేనేలే. ఎవరికీ చెప్పొద్దు.”

ఆమె అద్దాలు ఆయన చేతికిచ్చింది. ఆయన వాటిని పెట్టుకుని తన మొహంలోకి చూసేలోపే స్టవ్వు వైపు తిరిగిపోయింది.

“ఏమర్రా, టీ ఇస్తారా, నన్నిలాగే సాగనంపుతారా?” లోపలి గదిలోంచి అత్తగారు కేకేసింది.

“టీ తాగకపోతే ఎవరూ పోరమ్మా!” అన్నాడాయన.

“నేను పోతాను. పంతం పట్టి మరీ పోతాను. అప్పుడు తెలుస్తుంది మీకు.”

“వస్తున్నా అత్తయ్యా,” అంటూ ఆమె డబ్బాని సంచిలో వేసుకుంది.

ల్యాబులో ఆమెను అందరూ సోర్సక్క అంటారు. అసలు పేరు జీతాల కాగితం మీద తప్ప ఎక్కడా వినబడదు. వస్తువు మీద ఎక్స్‌రేలు పడితే దాని పైపొరల్లోంచి ఎలక్ట్రాన్లు ఎగిరి బయటికొస్తాయి. అవి ఎంత శక్తితో వచ్చాయో కొలిస్తే ఏ మూలకం నుంచి వచ్చాయో తెలుస్తుంది. ఎలక్ట్రాన్ వోల్టుల లెక్కలో మిషను గీసే గీత మీద ఒక్కో మూలకానికి ఒక్కో చోటు. అక్కడ మిట్టలా లేచేదాన్ని పీక్ అంటారు. ఆ ఎక్స్‌రేలను పుట్టించే సోర్సును కంటికి రెప్పలా చూసుకోవడం పద్దెనిమిదేళ్ళుగా ఆమె ఉద్యోగం. స్పానరు పట్టి పట్టి బొటనవేళ్ళ కణుపులు లావెక్కాయి. ఇంట్లో డబ్బా మూత నొక్కినా, కుర్చీకి మేకు కొట్టినా మిషను మరలు బిగించినట్టే ముందు ఒక పక్క, తర్వాత దానికి ఎదురు పక్క చూసుకుంటుంది. పంపుకి ఒంట్లో బాగుందో లేదో తలుపు తీయకముందే చప్పుడుని బట్టి చెప్పేస్తుంది.

ఆ ఉదయం గదిలోకి అడుగుపెట్టేసరికి గ్యాసు సిలిండర్లతను గోడకి చేరగిలబడి ఉన్నాడు.

“ఏంటి సోర్సమ్మగారూ, మీ ముసలాయన్ని రేపు మోసుకుపోతారటగా?”

ముసలాయనంటే పాత మిషను. మూలన అల్యూమినియం రేకు చుట్టుకుని, తీగలు పీకించుకుని, ఊరెళ్ళడానికి తయారై కూర్చున్నట్టుంది.

“అవునట.”

“మీరు ఏడుస్తారేమోనని చూసిపోదామని వచ్చా.”

“ఏడిస్తే నువ్వు బిగించిన సిలిండరు చూసి ఏడవాలి. బుస్సుమంటోంది, విను.”

అతను చెవి రిక్కించాడు. “నాకేం వినబడట్లేదే!”

“నీకు వినబడితే నాకు జీతం ఎందుకిస్తారు?” అని ఆమె స్పానరు అందుకుని మరను పావు చుట్టు తిప్పింది. అతను నాలిక కరుచుకుని తోపుడుబండి లాక్కుంటూ వెళ్ళిపోయాడు.

చేతులకి తొడుగులు వేసుకుని, డబ్బా మూత తీసింది. ముక్క మీద నీలం ఇంకా అలాగే ఉంది. ఒక మూల మాత్రం ఆయన వేలిముద్ర, ఏనాటిదో, వానకాలపు గోడ మీది మరకలా పొగచూరి ఉంది. పట్టకారుతో ముక్కను పళ్ళెం మీద పెట్టి, రెండు చిన్న బద్దలతో అదిమి, ముందరి చిన్నగదిలోకి తోసి పంపు వేసింది. లోపలి గాలంతా పోవడానికి గంటన్నర పడుతుంది. ఆ గంటన్నరా చేసేదేమీ లేదు. అలాంటప్పుడు పాత మిషను వైపు చూడకుండా ఉండటం ఆమెకి చేతకాలేదు.

దాని సోర్సు ఆమెకి తన అరచెయ్యంత పరిచయం. లోపల నీళ్ళతో చల్లబడే ఒక రాగి ముక్కు. ఇంటికప్పులా దానికి రెండు వాలులు. ఒక వాలు మీద మెగ్నీషియం పూత, రెండో వాలు మీద అల్యూమినియం. ఒక్కో వాలుకి ఒక్కో ఫిలమెంటు, వేడెక్కి ఎలక్ట్రాన్లు చిమ్మే సన్నటి తీగ. అల్యూమినియం ఫిలమెంటు వెలిగిస్తే ఎలక్ట్రాన్లు అల్యూమినియం మీదే పడాలి, ఆ ఎక్స్‌రేలే రావాలి. ఫిలమెంటు రవ్వంత పక్కకి వంగితే చాలు, కొన్ని ఎలక్ట్రాన్లు వాలుల నడిమి గట్టు దాటి మెగ్నీషియం మీద పడతాయి. అప్పుడు ఉన్న పీకులన్నిటికీ రెండువందల ముప్పైమూడు ఎలక్ట్రాన్ వోల్టుల అవతల బలహీనమైన దొంగపీకులు లేస్తాయి.

ఆమె ఉద్యోగంలో చేరి ఏడాది తిరగని రోజులు. చేరింది తాత్కాలికంగానే. ఇంట్లో ఆ జీతం మీద నాలుగు ప్రాణాలు. కాలిపోయిన ఫిలమెంటు తీసి మొదటిసారి తనొక్కతే కొత్తది బిగించింది. ఒక కాలు అర మిల్లీమీటరు పొడుగు వదిలేసింది.

ఆయన అప్పుడు పరిశోధక విద్యార్థి. వేడి చేస్తే అడుగునున్న వెనేడియం పూతలోంచి పాకి పైకి వస్తుందని ఆయన నమ్మకం. ఎన్ని ముక్కలు కాల్చాడో లెక్కలేదు. ఒక సాయంత్రం ఐదువందల పద్దెనిమిది దగ్గర, సరిగ్గా వెనేడియం చోటులో, చిన్న మిట్ట లేచింది. ఆయన అద్దాలు తీసి చొక్కా కొసతో తుడుచుకుని మళ్ళీ పెట్టుకుని చూశాడు. “వచ్చేసింది, చూడు, ఎక్కి వచ్చేసింది!” అని పక్కనున్న ఆమె భుజం పట్టి ఊపేశాడు. ఆ చేయి బరువు ఆమెకి ఇప్పటికీ గుర్తే.

సెమినార్‌లో పరీక్షకుడొకాయన, “వెనేడియానికి రెండు పీకులుండాలి కదయ్యా. అన్న వచ్చాడు, తమ్ముడేడీ?” అన్నాడు. అందరూ నవ్వారు. “ఆక్సిజన్ నీడలో దాక్కున్నాడు సార్,” అన్నాడాయన. ఆ మాటకీ నవ్వారు, మెచ్చుకోలుగానే. పాత సోర్సుతో ఏ పెద్ద పీక్ పక్కన చూసినా నీడలుంటాయి. అందుకే ఎవరూ రెట్టించలేదు.

పదకొండో రోజున ఎక్స్‌రేల జోరు తగ్గిందని ఆమె సోర్సు విప్పింది. మెగ్నీషియం వాలు మీద, గట్టుకి ఆనుకుని, తడివేలితో గీసినట్టు సన్నటి గోధుమరంగు చార కనబడింది. ఎలక్ట్రాన్లు పడకూడని చోటు అది. ఫిలమెంటు సరిచేసి, బిగించి, పుస్తకంలో ‘ఫిలమెంటు మార్చడమైనది’ అని మాత్రం రాసింది. ఆ తర్వాత ఆయన ఎన్నిసార్లు కొలిచినా ఆ మిట్ట మళ్ళీ లేవలేదు. ముక్కలు పంపించిన బయటి ల్యాబులోనూ కనబడలేదు. గైడు, “కంప్యూటర్ ముందు కూర్చుని గీశావు,” అన్నాడు. విచారణ వేశారు. కమిటీవాళ్ళు ఆమెను కూడా పిలిచి, “సోర్సు సరిగ్గా ఉందా అమ్మా?” అని అడిగారు.

“సరిగ్గానే ఉందండీ,” అంది.

ఆ రోజుకి అది అబద్ధం కాదు.

కొత్త మిషను తెర మీద పచ్చదీపం వెలిగింది. ఆమె ముక్కను లోపలికి జరిపింది. దీంట్లో మోనోక్రొమేటర్ ఉంది, దాని క్వార్ట్జ్ స్ఫటికం పలకలు ఒకే ఒక్క శక్తి ఉన్న ఎక్స్‌రేలను ఏరి పంపుతాయి. నీడలుండవు. గట్టు దాటివచ్చే దొంగపీకులకి దారే లేదు. ఐదువందల పది నుంచి ముప్పైదాకా స్కాన్ పెట్టి, కుర్చీ అంచున కూర్చుంది. ఒక్క మిట్ట లేస్తే చాలు. ఇసుమంత లేచినా చాలు. ఆ దొంగపీక్ కింద నిజమైనది కూడా ఒకటి ఉండి ఉంటే, ఆయన చూసింది నిజమే అవుతుంది, తను చేసినది చిన్నదైపోతుంది. పదిహేడేళ్ళుగా ఆమె మొక్కుకున్నది ఇదొక్కటే.

“ఎవరిదక్కా ఈ శాంపిల్?” పరిశోధకురాలు బిస్కెట్లు నములుతూ వచ్చి పక్కన కూర్చుంది. చేరి మూడు నెలలైన అమ్మాయి. నోరు ఊరుకోదు.

“ఒకాయనది.”

“వెనేడియమా? అయ్యబాబోయ్, జాగ్రత్తక్కా! మా సార్ క్లాసులో చెప్పారు. పూర్వం ఇక్కడే ఒకాయన లేని వెనేడియాన్ని గీసేశాట్ట. ఏటా చెబుతారట ఆ కథ. ‘పీక్ రాకపోతే ఏడవండి, అంతేగాని వెనేడియంవాడిలా బొమ్మలెయ్యకండి’ అని. మేమంతా ఒకటే నవ్వు.”

ఆమె తెర మీద నుంచి చూపు తిప్పలేదు. ఆయన ఇప్పుడు కాలేజీ గేటు ఎదురుగా ఫోటోకాపీల దుకాణం నడుపుతున్నాడు. ఇతరుల థీసిస్‌లకి అట్టలు వేస్తాడు. అట్ట వేసేముందు ప్రతిదీ చదువుతాడు. “నాయనా, నీ మూడో అధ్యాయంలో పటం తలకిందులైంది,” అని చెప్పి పంపేస్తే, పిల్లలు దండం పెట్టి దిద్దుకొస్తారు. ఈ అమ్మాయి కూడా రేపో మాపో ఆయన దగ్గరికే వెళుతుంది.

“ఆయన గీయలేదు,” అంది ఆమె.

“ఏంటక్కా?”

“ఆ పీక్ వచ్చింది. నేను పక్కనే ఉన్నాను. చూశాను.”

అమ్మాయి నములుతున్నది ఆపింది. “మరి వెనేడియం లేకుండా ఎలా వచ్చిందక్కా?”

ఈ ప్రశ్నని ఇంతకాలం ఆమెను ఎవరూ అడగలేదు. జవాబు నాలిక చివరిదాకా వచ్చింది. దాన్ని మొదట వినవలసిన మనిషి ఈ అమ్మాయి కాదు. “నీ శాంపిల్ రెండింటికి పెడదాం. నువ్వెళ్ళి భోంచేసిరా,” అంది.

పది స్కాన్‌లకి గీత ముళ్ళకంచెలా ఉంది. ముళ్ళలో ఏదో ఎత్తు కనబడుతోందని ఆమె తెరకి దగ్గరగా వంగింది. ఇరవైకి ఆ ఎత్తు కరిగింది. తిండి మానేసి మరో పది పెట్టింది, ఇంకో పది పెట్టింది. స్కాన్ కలిసినకొద్దీ ముళ్ళు అరిగాయి. యాభైనాలుగో స్కాన్ దగ్గర అమ్మాయి తిరిగొచ్చి తలుపు తట్టింది. ఐదువందల పద్దెనిమిది దగ్గర పొలం గట్టంత ఎత్తయినా లేదు. చివరికి రెండువందల ఎనభైఅయిదు దగ్గర కూడా ఒక్క స్కాన్ పెట్టి చూస్తే, అక్కడ మాత్రం కార్బన్ నిటారుగా నిలబడి ఉంది. బీరువాలో, ఉన్నిబట్టల అడుగున, ఇన్నేళ్ళూ ముక్క మీద పేరుకున్న మడ్డి అది. ఆనాడు గట్టు దాటివచ్చి వెనేడియంలా కనబడింది కూడా ఇలాంటి మడ్డే.

సాయంత్రం బస్సులో డబ్బాని పిడికిట్లోనే ఉంచుకుంది. పరిశోధన నుంచి తీసేశాక ఆయన ముక్కలు తీసుకుపోవడానికి ల్యాబుకొస్తే టీ పెట్టి ఇచ్చింది. తర్వాత అవసరం లేని కాగితాలకి అట్టలు వేయించడానికి దుకాణానికి వెళ్ళింది. మళ్ళీ వెళ్ళింది. అది ఇష్టమా, చేసిన తప్పు లాక్కుపోవడమా అని ఆమె విడదీసి చూసుకోలేదు. చూసినా విడివడేవి కావు. ఆయన ఇంట్లో లేని ఆదివారాలు ఆయన కూర్చునే పీటను పక్కకి జరపడానికి కూడా ఆమెకి మనసొప్పదు. ఒకే ఇంట్లో ఉంటూ, ఆ సాయంత్రం తన భుజం పట్టి ఊపిన మనిషి కోసం పదిహేనేళ్ళుగా ఎదురుచూస్తోంది. ఆయన మళ్ళీ అలా దేనికీ సంబరపడలేదు.

ఇంటికొచ్చేసరికి ఆయన ముందుగదిలో బల్ల మీద పాత దుప్పటి పరిచి, ఆమె తెల్లకోటు ఇస్త్రీ చేస్తున్నాడు. ఆ పని ఆమెను ఎన్నడూ చేయనివ్వడు. నీళ్ళు చిలకరించి, కాలరు కింద వేలు పెట్టి చదును చేసి, అంచుల నుంచి లోపలికి లాగుతాడు.

“వచ్చావా తల్లీ? వీడు పొద్దుటి నుంచి గుమ్మం చూసి చూసి మెడ పట్టేసుకున్నాడు,” అంది అత్తగారు మంచం మీద నుంచి. “దుకాణం కూడా పెందలాడే కట్టేశాడు. ఏంటో సంగతి!”

“ఏం లేదమ్మా, నువ్వు పడుకో,” అన్నాడాయన.

ఆమె డబ్బాని బల్ల అంచున పెట్టింది. “లేదండీ.”

ఇస్త్రీపెట్టె ఆగలేదు. “ఎన్ని స్కాన్‌లు?”

“యాభైనాలుగు.”

“గీత?”

“స్కేలు పెట్టి గీసినట్టుంది.”

కోటు కుడిచేతిని చివరిదాకా లాగి, మడత సరిచూసుకున్నాడు. “పోనీలే. యాభైనాలుగంటే మాటలా! తిండి కూడా తిని ఉండవు.” నవ్వబోయాడు. “మరి ఆ రోజు నేను చూసిందేంటంటావ్? వాళ్ళన్నట్టు నా చెయ్యే గీసిందేమో, నాకు తెలీకుండానే. దుకాణంలో ఎవరూ లేనప్పుడు ఒక్కోసారి అలాగే అనిపిస్తుంది. చెయ్యి వైపు చూసుకుంటాను.”

ఆమె గోడకి ఆనుకుంది. “మీరు గీయలేదు. అది వచ్చింది.”

“నువ్వు అంతే అంటావులే.”

“అల్యూమినియం ఫిలమెంటు వంగి ఉందండీ. నేను బిగించిందే. కాలు అర మిల్లీమీటరు పొడుగు వదిలేశాను. ఎలక్ట్రాన్లు మెగ్నీషియం మీద కూడా పడ్డాయి.”

ఇస్త్రీపెట్టె గాల్లో ఆగింది. ఆయన పెదవులు కదిలాయి. ఇన్నేళ్ళయినా ఆ అంకెలు ఆయన నోట్లోనే ఉన్నాయి. “రెండొందల ముప్పైమూడు,” అన్నాడు. “కార్బన్ రెండొందల ఎనభైఅయిదు.” కూడిక పూర్తి చేయలేదు. డబ్బా వైపు చూశాడు. “మసి. ఇన్నాళ్ళూ మసిని దాచుకున్నానన్నమాట.”

“అవునండీ.”

“నీకెప్పుడు తెలుసు?”

ఇవాళే అనవచ్చు. ఆ ఒక్క మాటతో ఈ పూట గడిచిపోతుంది, రేపూ గడుస్తుంది, పొద్దున్నే అద్దాలు కడగవచ్చు. అద్దాల వెనక ఆయన కళ్ళు తన మొహాన్ని స్పష్టంగా చూస్తున్నాయి.

“మీ సెమినార్ అయిన పదకొండో రోజున. విప్పితే చార కనబడింది. సరిచేసేశాను.”

“కమిటీకి ముందే.”

“ముందే.”

“అయితే మన పెళ్ళికి...”

“అప్పటికి రెండేళ్ళు గడిచాయండీ.”

ఆయన ఇస్త్రీపెట్టెను నిలువుగా నిలబెట్టాడు. స్విచ్చు ఆపి, వంగి ప్లగ్గు పీకి, వైరు నేల మీద ఎవరి కాలికీ తగలకుండా బల్ల కిందికి తోశాడు. చెప్పులేసుకున్నాడు. తలుపు చప్పుడవకుండా దగ్గరికి లాగుతూ, గడియ నాలుక లోపలికి పోయేదాకా పిడిని తిప్పి పట్టుకున్నాడు. మెట్ల మీద అడుగులు ఒక్కొక్కటే దిగిపోయాయి. ఎక్కడా ఆగలేదు.

“వాడెటు వెళ్ళాడే?” అంది అత్తగారు. “చెప్పకుండా గడప దాటడే ఎప్పుడూ! ఏమ్మా, నిన్నే. పలకవేం?”

ఆమె కిటికీ దగ్గరికి వెళ్ళలేదు. ఉన్నచోటే నిలబడింది.

దుప్పటి మీద తెల్లకోటు వెల్లకిలా పరిచి ఉంది. కుడిచేయి చక్కటి మడతతో నిటారుగా, ఇంకా వెచ్చగా. ఎడమచేయి మాత్రం పిండినప్పటి ముడతలతో, చిలకరించిన నీటిచుక్కలు ఆరకుండా.